మేనల్లుడు కోరిన దూడ

ఎలుకల లోకంలో ఇక రోగమన్నదే మిగలలేదని ఉర్కియా అంటూ ఉండేది. ఆమె పనిచేసిన పరిశోధనశాలలో ముప్ఫై ఏళ్ళలో ఎన్ని టీకాలు తయారయ్యాయో, అన్నీ ఎలుకలను కాపాడాయి. అవే టీకాలు దూడ మెడ దాకా వచ్చేసరికి నీరుగారిపోయేవి. ఈ మాటకు కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

కజకుల నగరం అల్మతీ శివార్లలో, ఒకప్పటి ఆపిల్ తోటలను కొట్టి ఇళ్ళు కట్టిన చోట, ఆ పరిశోధనశాల ఉంది. పేరున్న శాస్త్రవేత్తలు అందులో కొందరున్నారు. వ్యాసాల నెత్తిన వాళ్ళ పేర్లుంటాయి. ఉర్కియా పశువైద్యురాలు. దూడను కంచెకు ఆనించి పట్టడం, మెడ పక్కన నరాన్ని వేలితో వెతకడం, రక్తం తీయడం, సీసాలను మంచుపెట్టెలో పేర్చి గతుకుల దారిన ఒక్కటీ చిట్లకుండా తీసుకురావడం ఆమె వంతు. ఈ పని ఎవరైనా చేయవచ్చునని పైవాళ్ళు అనుకునేవారు. ఆమె సెలవు పెట్టిన రోజున మాత్రం ఎవరూ చేయలేకపోయేవారు.

ఆమె పుట్టింది కొండల దిగువన ఉన్న ఒక ప్రభుత్వ పశుక్షేత్రంలో. తల్లి అక్కడ పాలు పితికేది. ఉర్కియాకు ఎనిమిదేళ్ళప్పుడు గాలికుంటు వచ్చి పడింది. ఊరి దారికి అడ్డంగా గొయ్యి తవ్వి సున్నపునీళ్ళు నింపారు. ఐదు వారాలు ఎవరినీ బయటికి పోనివ్వలేదు. పక్క ఊరికి కోడలుగా వెళ్ళవలసిన అక్క, కట్టుకున్న మూటలతోనే గుమ్మంలో కూర్చుండిపోయింది. చివరకు పెళ్ళివారే ఆ గొయ్యికి అవతల నిలబడి కేకలతో పలకరించి వెళ్ళారు. కొట్టంలో నలభై ఆవులు నోటి నుంచి తీగలు తీగలుగా చొంగ కారుస్తూ, కాలు కింద పెట్టలేక, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడేవి. పొదుగు మీద చేయి వేస్తే వణికేవి. తల్లి రోజూ వేళకు వెళ్ళి, ఖాళీ బకెట్ పక్కన పెట్టుకుని, ముక్కాలిపీట మీద ఊరికే కూర్చుని వచ్చేది. అందుకే పశువైద్యం చదివావా అని ఎవరైనా అడిగితే, కాదు, వచ్చిన మార్కులకు దొరికిన సీటు అదొక్కటేనని ఉర్కియా చెప్పేది. రెండూ నిజమై ఉండవచ్చు.

సోవియట్ రోజులు ముగిశాక కొన్నేళ్ళు పరిశోధనశాలలో కరెంటు ఉండేది కాదు. దాచిన సీరం సీసాలన్నీ ఒక వేసవిలో కుళ్ళిపోయాయి. రెండు శీతకాలాలు ఆమె బజారులో ఉన్ని మేజోళ్ళు అమ్మింది. దీపాలు వెలిగిన నాడు తిరిగి వచ్చి, మొట్టమొదట ఆ సీసాలను కడిగింది.

గాలికుంటుకు డీఎన్ఏ టీకా తయారుచేసే పని ఆమె చేతికి వచ్చింది ఆ తరవాత చాలాకాలానికి. మామూలు టీకాలో చంపిన క్రిమి ఉంటుంది. ఇందులో క్రిమి ఉండదు. క్రిమి ఒంటి మీది ఒక తునకను ఎలా తయారుచేయాలో చెప్పే ఉత్తరువు మాత్రమే ఉంటుంది. ఆ ఉత్తరువును అందుకున్న దూడ కండ తానే ఆ తునకను తయారుచేస్తుంది. దాన్ని చూసి ఒంటి కాపలా కణాలు మేలుకొని, అసలు శత్రువు వచ్చేలోగా ఆయుధాలు సిద్ధం చేసుకుంటాయి. చెప్పడానికి ఎంత బాగుంది! ఎలుక చిన్న ప్రాణి. ఉత్తరువు ఒంటినిండా అందుతుంది. దూడ పెద్దది. దాని కండలో వేసిన ఉత్తరువును చదువుకునే కణాలు ఏ కొన్నో. అవి తయారుచేసిన తునక కాపలావాళ్ళ దాకా చేరేది ఇంకా తక్కువ. మొదటి పదేళ్ళు ఉర్కియా తెచ్చిన రక్తంలో చెప్పుకోదగ్గ ప్రతిరక్షకాలు, అంటే ఆ ఆయుధాలు, ఎన్నడూ కనిపించలేదు. మోతాదు పెంచారు, లేదు. మూడుసార్లు వేశారు, లేదు.

చివరకు రెండు మార్పులు చేశారు. ఉత్తరువులో ఒక చిన్న భాగం కలిపారు. తయారైన తునకను కాపలా కణాల గుమ్మం దాకా మోసుకుపోవడం ఆ భాగం పని. టీకాను కండలో కాక చర్మంలో వేశారు, ఎందుకంటే కాపలావాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. ఇందుకు సూది లేని తుపాకి ఒకటి తెప్పించారు. గాలి ఒత్తిడితో మందు తోలులోకి దిగుతుంది. ‘టప్’మని చప్పుడవుతుంది. దూడలు చెవి మాత్రం కదిలించేవి. పక్కన కట్టేసిన గుర్రమే బెదిరి తాడు తెంపుకునేది.

ఈ మెరుగైన టీకాను పాతదానితో పోల్చి చూడటానికి పన్నెండు దూడలు కావాలి. ఆరింటికి పాతది, ఆరింటికి కొత్తది. ఏడాది పాటు నెలనెలా రక్తం. ఏడాది చివర గుంపుకు ఐదు దూడలైనా లెక్కలో ఉంటేనే ఫలితాన్ని ఒప్పుకుంటామని పైనున్న కమిటీ రాతపూర్వకంగా చెప్పింది. ఒప్పుకుంటే దక్షిణాది జిల్లాల్లో వందల పశువుల మీద పెద్ద పరీక్ష. ఒప్పుకోకపోతే మళ్ళీ మొదటికి. ఉర్కియాకు ఆ మరుసటి సెప్టెంబరుతో ఉద్యోగ విరమణ. అంటే ఈ పన్నెండు దూడలు ఆమెకు మొదటి మంచి అవకాశం, చివరిది కూడా.

పరిశోధనశాల కొట్టంలో గొర్రెలకు తప్ప చోటు లేదు. మూడు గంటల దూరంలో, కొండ పాదాన ఉన్న పల్లెలో, తెమిర్‌గలి అనే రైతును ఆమె ఎంచుకుంది. అతని కంచె గట్టిది, మాట గట్టిది. దూడలు అతనివే, మేత పరిశోధనశాలది. ఏడాది దాకా అమ్మకూడదు, కోయకూడదు, ఇంకే టీకా వేయించకూడదు. జిల్లా పశువైద్యుడికి కూడా చెప్పి, ఆ పన్నెండింటినీ వదిలేసేందుకు అనుమతి తెచ్చింది. అంతా రాయించుకున్నాక, పై దేశం నుంచి వచ్చిన ఏ శాస్త్రవేత్తకూ తట్టని ప్రశ్న ఒకటి ఆమె అడిగింది.

“అగా, మీకు మేనల్లుళ్ళు ఎంతమంది?”

కజకుల్లో ఆడపడుచు కొడుకు తల్లి పుట్టింటికి వస్తే జాగ్రత్తగా ఉండాలి. తన జీవితంలో మూడుసార్లు, మేనమామ ఇంట్లో కంటికి నచ్చిన దేనినైనా అతడు అడగవచ్చు; మామ కాదనకూడదు. కాదన్న మామ ఊళ్ళో తలెత్తుకోలేడు. మేనమామ అనగానే కొబ్బరిచిప్పలూ పట్టుబట్టలూ గుర్తొచ్చే మనకు ఇది అంత వింతగా తోచకపోవచ్చు. ఎక్కడైనా ఆ బంధుత్వానికి ఇచ్చే చేయే ఎక్కువ. ఉర్కియా చిన్నాన్న ఒకడు ఈ పద్ధతి కింద నడుస్తున్న మోటారుసైకిల్‌ను మేనల్లుడికి అప్పగించి, పదకొండు కిలోమీటర్లు నడిచి ఇంటికి వచ్చాడు.

తెమిర్‌గలి వేళ్ళు మడిచాడు. “ఒక్కడే, కువనిష్. జీను అడిగాడు, ఇచ్చాను. గుర్రప్పిల్లనడిగాడు, ఇచ్చాను. వేటకుక్కని తీసుకుపోయాడు. మూడూ అయిపోయాయి అపాయ్. ఇంకవాడు నా ఇంట్లో టీ తాగి పోవాల్సిందే.”

పెద్ద వయసు మగవాళ్ళను ‘అగా’ అన్నట్టే, గౌరవించదగిన ఆడవాళ్ళను అక్కడ ‘అపాయ్’ అంటారు. ఆ పిలుపులోని భరోసాకు ఉర్కియా తృప్తిపడి, తన పుస్తకంలో ఆ ప్రశ్న ఎదుట టిక్కు పెట్టింది.

జూన్‌లో టీకాలు వేశారు. నాలుగు వారాలకు రెండో మోతాదు. కజకులు దూడ పెరిగినకొద్దీ దాని పేరు మారుస్తారు. మనకు లేగ, దూడ, పెయ్య, కోడె ఉన్నట్టే, ఇంకాస్త పట్టింపుగా. ఉర్కియా కాగితాల్లో మాత్రం అవి పచ్చ చెవిబిళ్ళల మీది అంకెలు. తెమిర్‌గలి భార్య బీబిష్‌కు ఇది నచ్చలేదు. అంకెతో పిలిస్తే ఏ ప్రాణి వస్తుందని, పన్నెండింటికీ పేర్లు పెట్టేసింది. కొత్త టీకా గుంపులోని ఏడో నంబరు, నుదుట తెల్లమచ్చ ఉన్న పెయ్య, ఆమె దృష్టిలో ‘పెళ్ళికూతురు’.

మూడో నెల రక్తంలో తేడా కనిపించింది. ఆరో నెలకు పాత గుంపులో కనిపించిన ఆ కాస్తా పడిపోసాగింది. కొత్త గుంపు పడలేదు. ఉర్కియా పరీక్షను రెండుసార్లు తిరిగి చేసింది. పదేళ్ళుగా పట్టికలో ఖాళీగా చూసిన వరుసలు నిండుతుంటే, నమ్మడం కూడా ఒక అలవాటేననీ, అది తనకు తప్పిపోయిందనీ ఆమెకు అర్థమైంది.

ఫిబ్రవరిలో కొత్త గుంపు దూడ ఒకటి చచ్చిపోయింది. ఆమె మంచులో మూడు గంటలు ప్రయాణించి, పొట్ట కోసి చూసింది. గడ్డిమోపుకు కట్టిన నీలం ప్లాస్టిక్ తాడు పేగుల్లో చిక్కుకుని ఉంది. ఇక మిగిలినవి ఐదు. కమిటీ అడిగింది ఐదు. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, ఐదూ లేచి నిలబడ్డాయా అని అడగడం మొదలుపెట్టింది. తన పెళ్ళాం కూడా తనను ఇన్నిసార్లు పలకరించలేదని తెమిర్‌గలి ఎగతాళి చేసేవాడు. దూడ పలికితే దాన్నే పలకరించేదాన్నని ఉర్కియా అనేది.

మే నెల మధ్యలో, చివరి రక్తానికి ఇంకా మూడు వారాలుందనగా, ఫోన్ బీబిష్ ఎత్తింది. వానలు, గడ్డి, కోడలి కాన్పు అన్నీ చెప్పింది. దూడలు బాగున్నాయంది. ఐదూ బాగున్నాయా అని ఉర్కియా అడిగింది.

“నాలుగు ఇక్కడ బాగున్నాయి అపాయ్. ఒకటి అక్కడ బాగుంది.”

ఉర్కియా మధ్యాహ్నానికల్లా ఆ గుమ్మంలో ఉంది. తెమిర్‌గలి ఎదురు రాలేదు. కంచె దగ్గర, బాగానే ఉన్న గడియను బాగుచేస్తూ కనిపించాడు.

జరిగింది ఇది. కువనిష్‌కు మగబిడ్డ పుట్టాడు. మూడు రోజుల కిందట, బిడ్డకు నలభై రోజులు నిండాక, భార్యాబిడ్డలతో మామ ఇంటికి వచ్చాడు. గొర్రెను కోశారు, పెద్దలు నలుగురు వచ్చారు. భోజనం ముగిసే వేళ అతడు, ఇంకా నా కోరిక ఒకటి మిగిలుంది మామా అన్నాడు. మూడూ అయిపోయాయి కదరా అని తెమిర్‌గలి వేళ్ళు మడవబోయాడు. కుక్క దగ్గర మేనల్లుడు ఆ వేలిని పట్టుకుని విప్పాడు. కుక్కను తాను అడగలేదు. ఈనిన కుక్కపిల్లలు ఎక్కువై మామే తీసుకుపొమ్మన్నాడు. అడగనిది కోరిక ఎలా అవుతుంది? పెద్దలు ఆలోచించారు. టీ రెండు విడతలు తిరిగింది. అడగనిది లెక్కలోకి రాదని తీర్పు చెప్పారు. కువనిష్ కంచె దాకా నడిచి వెళ్ళి, నుదుట తెల్లమచ్చ ఉన్న పెయ్యను చూపించాడు.

“నాకు ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది కదా అగా,” అంది ఉర్కియా.

“చేస్తే మీరు వద్దంటారు.”

“అంటాను.”

“మీరు వద్దన్నాక కూడా నేనివ్వాల్సిందే కదా. అప్పుడు మీ మాట తీసేసినట్టవుతుందని చెయ్యలేదు.”

అతడు తప్పించుకోవడానికి అన్నది కాదు. నిజంగానే తన గౌరవం కాపాడుతున్నానని అనుకున్నాడు. పద్ధతి తెలియని మనిషైతే కోపగించుకుని ఊరట పొందేవారు. ఆమెకు ఆ పద్ధతి తెలుసు, అందుకే ముందే అడిగింది, అందుకే టిక్కు పెట్టింది. కానీ వేటకుక్కను అతడు అడిగాడా, మీరే ఇచ్చారా అని అడగలేదు. ఏ కజకు ఆడపిల్లయినా అడగవలసిన ప్రశ్న అది. తన మీది కోపాన్ని ఎవరి మీద చూపాలో తెలియక, బీబిష్ పెట్టిన టీని ముట్టకుండా కారెక్కింది. ఆ ఇంట్లో ఆమె అలా చేయడం అదే మొదలు; బీబిష్ గుమ్మంలో నిలబడి ఏడ్చిందని తరవాత తెలిసింది.

కువనిష్ ఊరు పక్క జిల్లాలో, రెండు గంటల దూరం. అతడు మర్యాదస్తుడు. కారు శబ్దం వినగానే బయటికి వచ్చాడు. భార్య నూనెలో వేయించిన వేడి బౌర్సాకు రొట్టెలు, వెన్న బల్ల మీద పెట్టింది. ఉర్కియా విషయమంతా చెప్పింది. అతడు శ్రద్ధగా విన్నాడు.

“కోరి తెచ్చుకున్నదాన్ని తిరిగిచ్చేస్తే మా మామకి చెడు జరుగుతుంది అపాయ్. నేనట్లా చెయ్యలేను.”

“నువ్వు తిరిగివ్వొద్దు నాయనా. పెయ్య నీదే. మూడు వారాలు వాళ్ళ కంచెలో మేపి, మళ్ళీ తెచ్చుకో. మేత మాదే.”

“అంతేనా? దానికేముంది. రేపే తోలుకెళ్తాను. మామ ముందే చెప్పుంటే, నేను జూన్‌లోనే వచ్చి అడిగేవాణ్ణి కదా.”

పొద్దుటి నుంచి ఏమీ ముట్టని ఆమె ఒక బౌర్సాకు తిన్నది. మూడు రోజులు వేరే ఊళ్ళో ఉన్నా, మరే పశువుతోనూ కలవకపోతే, కారణం రాసి పెయ్యను లెక్కలో ఉంచవచ్చు. అలాంటి వెసులుబాటు నియమాల్లో ఉంది. పెయ్య ఎక్కడుందో చూపించమంది. ఇంటి వెనక నీడలో విడిగా కట్టేశారు. నున్నగా దువ్వారు. ఎడమ డొక్క మీద అరచేయంత ఆకుపచ్చ రంగు మరక ఉంది.

ఆ రంగు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. ముప్ఫై ఏళ్ళలో తానే వేల పశువుల మీద ఆ రంగు పూసింది. అయినా అడిగింది.

“నిన్న డాక్టరొచ్చాడు,” అన్నాడు కువనిష్, సంతోషంగా. “ఊళ్ళో అన్నిటికీ గాలికుంటు టీకా వేశాడు. దీని చెవికి బిళ్ళుంది, వెయ్యొచ్చా అనడిగాను. ఇంకోటి పడితే నష్టమేం లేదు, మంచిదే అన్నాడు. మీకూ ఒక పని తప్పింది కదా అపాయ్.”

ఉర్కియా కంచె కర్రను పట్టుకుని నిలబడింది. ఎవరినీ తిట్టడానికి వీల్లేదు. మామ మాట నిలుపుకున్నాడు. మేనల్లుడు చెవిబిళ్ళ గురించి అడిగి మరీ వేయించాడు. ఆ డాక్టరు ఏ ఒక్క ఇంటినీ వదలకుండా తిరిగాడు. అలాంటి డాక్టర్లు కావాలని ఆమే సమావేశాల్లో ఎన్నోసార్లు చెప్పింది. అందరూ తమ పని చక్కగా చేశారు, ఏడో నంబరు పోయింది. చేతికి అలవాటైన పని కాబట్టి, మెడ నరం వెతికి రక్తం తీసింది. పెయ్య కదలలేదు.

పరిశోధనశాల అధిపతి సగిదుల్లా ఆమె కంటే పన్నెండేళ్ళు చిన్న. చెడ్డవాడు కాడు, పై నుంచి వచ్చే ఉత్తరాలకు జవాబులు రాసి రాసి వెంట్రుకలు నెరిపించుకున్నవాడు. మొత్తం విని కిటికీ వైపు తిరిగాడు.

“మూడు వారాలకి ఇంకోసారి వెళ్ళి రక్తం తెండి. అంకె వస్తుంది కదా.”

“వస్తుంది. బాగా పెద్దదే వస్తుంది. అందులో మన టీకాది ఎంతో, సర్కారు టీకాది ఎంతో నాకు తెలీదు, మీకూ తెలీదు.”

“పదకొండు నెలలు నిలబడింది కదా అపాయ్. పన్నెండో నెల పడిపోతుందా?”

“పడిపోదనే అనుకుంటున్నాను.”

“మరి?”

“అనుకుంటున్నాను అంటున్నాను.”

ఆ ఆకుపచ్చ మరకను చూసినవాళ్ళు ఈ గదిలో ఆమె తప్ప ఎవరూ లేరని అతడు నెమ్మదిగా అన్నాడు. అని, తానేమీ అననట్టు కాగితాలు సర్దుకున్నాడు. ఇదీ ఒక రకమైన దయే. ఉర్కియా బయటికి వచ్చి, ఆ పూటంతా ఫారం ముందు పెట్టుకుని కూర్చుంది. ‘ఏడాది ముగిసేనాటికి మిగిలిన దూడలు’ అన్న గడి అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. అందులో ఐదు రాస్తే పదకొండేళ్ళు గట్టెక్కుతాయి. రాసినది అబద్ధం కూడా బహుశా కాదు. ఆ ‘బహుశా’ను తీసేయడానికే కదా ఏడాది పాటు మంచులో తిరిగింది! కలం రెండుసార్లు ఎత్తి దించింది. సాయంత్రం ఊడ్చే మనిషి వచ్చి కుర్చీ జరపమన్నప్పుడు, లేవకుండానే నాలుగు వేసి సంతకం చేసింది. అంకె గడి దాటి బయటికి వచ్చింది, అంత గట్టిగా రాసింది.

జూన్ మొదట్లో చివరి రక్తం తీశారు. పాత గుంపులో ఆరింట నాలుగింటికి ఏమీ మిగలలేదు. కొత్త గుంపులో నాలుగింటికి నాలుగూ, రక్షణ ఉన్నట్టు లెక్కించే గీతకు చాలా పైన ఉన్నాయి. ఆమె ఉద్యోగ జీవితంలో పశువు రక్తంలో అంతటి ఫలితాన్ని చూడలేదు. కమిటీ జవాబు ఐదు పంక్తుల్లో వచ్చింది. ఫలితం ఆశాజనకం, సంఖ్య చాలదు, మళ్ళీ చేయాలి, కొత్త దూడలు వచ్చే వసంతంలో, బాధ్యత వహించేవారి పేరు తెలియజేయాలి. ఆ పేరు తనది కాదని ఉర్కియాకు తెలుసు. ఇంకో ఏడాది ఉండనిమ్మని అర్జీ పెట్టింది. పెన్షన్ కాగితాలు ముందే సిద్ధమయ్యాయని జవాబు వచ్చింది. అన్ని దస్త్రాల్లోకీ వేగంగా కదిలింది అదొక్కటే.

పరీక్ష ముగిసింది కాబట్టి చెవిబిళ్ళలు తీసేయాలి. మంద వేసవి మేతకు కొండెక్కే ముందురోజు ఆమె తెమిర్‌గలి ఇంటికి వెళ్ళింది. బీబిష్ ఏమీ జరగనట్టు టీ పోసింది. ఉర్కియా ఏమీ జరగనట్టు మూడు గిన్నెలు తాగింది. తరవాత కంచె దగ్గర తెమిర్‌గలి ఒక్కో దూడ మెడకూ చేయి చుట్టి పట్టుకుంటే, ఆమె కత్తెరతో బిళ్ళ కోసింది.

రెండు గుంపుల్లో మిగిలిన పదింటికీ అయ్యాక అతడు అడిగాడు.

“అపాయ్, ఇంతకీ మీ మందు పనిచేసిందా?”

“పనిచేసింది.”

“మరింకేం.”

“పనిచేసిందని చెప్పడానికి లేదు.”

“ఇప్పుడే చెప్పారు కదా.”

“మీకు చెప్పాను అగా. మీకు చెప్తే చెప్పినట్టు కాదు.”

అతడు గడియ తీసి దూడలను వదిలాడు. తాను అడిగితే ఆ కమిటీవాళ్ళు ఒప్పుకుంటారేమో, పెద్దలను కూడా వెంట తీసుకొస్తానని అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఉర్కియా కత్తెర తుడిచి సంచిలో పెట్టుకుంది. పది బిళ్ళలనూ లెక్క చూసి కవరులో వేసి, కవరు మీద తేదీ రాసింది. దూడలు అప్పటికే మందలో కలిసిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే ఏవి ఏవో ఆమె కూడా చెప్పలేకపోయింది.